కలివికోడిలో కలివి ఏది, కోడి ఏది?

పేరు చదవగానే అర్థమైపోయినట్టు ఉంటుంది. కోడి అంటే తెలియనిదెవరికి? కలివి అన్నది ఏ రంగో, ఏ రకమో అయివుంటుందిలే అనుకొని ముందుకు పోతాం. పత్రికల్లో వార్తలు కూడా ‘అరుదైన కలివికోడి’ అని ఒక్క ముక్కలో చెప్పేసి, నేరుగా అభయారణ్యం, కాలువ, కోర్టు గొడవల్లోకి దిగిపోతాయి. పేరు దగ్గర ఎవరూ ఆగరు. ఆగితే మాత్రం కదలడం కష్టం, అంత సరుకుంది అందులో.

ముందు తేలిక సంగతి తేల్చుకుందాం. కలివికోడి పక్షే గాని కోడి కాదు. కోళ్ళ కుటుంబంతో దానికి ఏ చుట్టరికమూ లేదు. బీళ్ళలో తిరిగే తీతువులు, నీటి ఒడ్డున పరుగులు పెట్టే ఉల్లంకులు ఉన్న పెద్ద వర్గంలోది. పొడవు 27 సెంటీమీటర్లు, అంటే జానెడు కంటే కాస్త ఎక్కువ. పగలంతా పొదల మాటున కదలకుండా ఉంటుంది, చీకటి పడ్డాక తిరుగుతుంది. చెదలు, చీమల వంటి పురుగులు దాని తిండి. 1986 తర్వాత దాని ఆనవాళ్ళు దొరికినవి ముఖ్యంగా కడప జిల్లా లంకమల కొండల చుట్టుపట్ల ముళ్ళకంప నేలల్లోనే.

ఇక కలివి. అది ఒక పొద. కొన్ని ఊళ్ళలో కలే అంటారు. దాని దగ్గరి బంధువు, కాస్త పెద్ద కాయలు కాసేది వాక్కాయ, పప్పులోకీ పచ్చడికీ పనికొచ్చేది. రెండు పేర్లూ కలగాపులగంగా వాడే ఊళ్ళు కూడా ఉన్నాయి కాబట్టి ఇక్కడ పేచీ పెట్టుకుని లాభం లేదు. కలివి పొద నడుమెత్తు పెరుగుతుంది. కొమ్మ కొమ్మకీ జంట ముళ్ళు. ఆకు తుంపితే పాలు కారతాయి. పూలు తెల్లగా, చిన్న మల్లెల్లా ఉంటాయి, వాసన కూడా ఆ బాపతే. కాయ పచ్చిగా ఉన్నప్పుడు నోట్లో పెట్టుకుంటే పళ్ళు పులిసిపోతాయి. పండి నల్లబడ్డాక తీపెక్కుతుంది, అప్పుడు పశువుల కాపరి పిల్లలు పొద చుట్టూ చేరతారు. చేతికి జిగురు, మోచేతికి గీరుడు తప్పవు. రాళ్ళ నేలలో, వాన తక్కువ చోట, మేకలు కొరికినా మళ్ళీ చిగురించే మొండిఘటం ఇది.

కలివికోడి అంటే కలివిపండ్లు తినే కోడి అని చెప్పేవాళ్ళు ఉన్నారు. తిండిని బట్టి చూస్తే ఆ అర్థం నిలవదు. పేరులో పొద ఉన్నది ఆ పక్షి మసలే చోటును చూపడానికి. ఆ చోటు కూడా ఏదో ఒక అడవి అని సరిపెట్టుకునేది కాదు. దట్టమైన అడవిలో ఈ పక్షి ఉండదు, చెట్టూ చేమా లేని మైదానంలోనూ ఉండదు. పొదకీ పొదకీ మధ్య పరుగెత్తడానికి ఖాళీ నేల కావాలి, వెంటనే దూరడానికి పొదా కావాలి. కలివి, రేగు, తుమ్మ కలిసి పెరిగే కంపనేల అంటే సరిగ్గా అదే. ఇప్పటి పరిశోధకులు పొదల సాంద్రత లెక్కలు కట్టి చెప్పిన సంగతిని పేరు పెట్టినవాళ్ళు ఒక మొక్కతో చెప్పేశారు.

పలకడంలో చిక్కేమీ లేదు. క-లి-వి, మూడూ పొట్టి అక్షరాలు. ఆ వెంటనే కో అని సాగదీసి డి దగ్గర వాలడం. ఛందస్సు తెలిసినవాళ్ళు ఇక్కడ చిన్నగా నవ్వుకోవచ్చు. మూడు లఘువులు నగణం, గురువు లఘువు కలిస్తే హగణం. రెండూ సూర్యగణాలే. అంటే ఆటవెలది పద్యాన్ని ఈ పేరుతో మొదలుపెట్టాలంటే మొదటి రెండు గణాలూ అప్పనంగా అమిరిపోతాయి. ఇలాంటి పద్యగంధి పేరున్న పిట్ట మరొకటి ఉంటే ఉండవచ్చుగాని, అది ఇంత అరుదైన పిట్ట మాత్రం అయివుండదు.

చిక్కంతా రాతలో వస్తుంది. తెలుగులోనే ‘కలవికోడి’ అని రాసేవాళ్ళున్నారు. లి గుడి ఒకటి జారిపోతే పెద్ద నష్టమేమిటి అనిపిస్తుంది. కానీ తెలుగులో కలవి అంటే ‘ఉన్నవి’. ఉందో లేదో తెలియక శాస్త్రజ్ఞులు దశాబ్దాలు తలపట్టుకున్న పక్షికి ‘ఉన్న కోడి’ అని పేరు పడటం కంటే గడుసు అచ్చుతప్పు ఉండదు. ఇంకొందరి చేతిలో అది ‘కలిమికోడి’ అవుతుంది. అప్పుడు దానికి సంపద అంటుకుంటుంది. ఇక ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే కోడిలోని డి ఏ డి-యో తెలియదు. మన లిపి ఎరగని పాఠకులు దాన్ని కోది అని చదివినా తప్పు వాళ్ళది కాదు, డకీ దకీ ఒకే అక్షరంతో సరిపెట్టే లిపిది.

కోడి అని ఎందుకన్నారన్నది తర్వాతి ప్రశ్న. పక్షులకు పల్లె జనం పేర్లు పెట్టే తీరు తెలిస్తే దీనికి జవాబు దొరుకుతుంది. ఇంటి చుట్టూ బాగా తెలిసిన పక్షులు నాలుగైదు ఉంటాయి: కాకి, కోడి, కొంగ, పిట్ట, డేగ. కొత్తగా కంటబడినదాన్ని వీటిలో ఒకదాని పక్కన నిలబెట్టి, ముందు ఒక గుర్తు తగిలిస్తారు. చెరువులో నల్లగా మునిగి తేలేది నీటికాకి. గట్టున తుంగలో మెడ ఆడిస్తూ నడిచేది నీటికోడి. సముద్రం దాటి వచ్చినది సీమకోడి. నేలమీద నడుస్తూ, భయమేస్తే ఎగరడం కంటే పరుగుకే మొగ్గుచూపేదైతే అది కోడి కిందికి వస్తుంది. నలుపు ఎక్కువగా ఉండి ఒళ్ళు బరువైనదైతే కాకి కిందికి వస్తుంది. రక్తసంబంధం వాళ్ళకు ముఖ్యం కాదు, నడక ముఖ్యం.

జెముడుకాకిని చూడండి. కలివికోడికి అచ్చంగా తోబుట్టువు లాంటి పేరు. ముందు ఒక ముళ్ళమొక్క, వెనక ఒక ఇంటి పక్షి. జెముడు డొంకల్లో దూరి తిరిగే నల్ల పక్షి కాబట్టి జెముడుకాకి. నిజానికి అది కోకిల కుటుంబంలోది, కాకితో సంబంధం లేదు. ఆ పేరు కొన్నిచోట్ల చెముడుకాకి అయింది. చెముడు అన్నా ఆ మొక్కే. కానీ చెముడు అంటే చెవుడు కూడా కదా, దాంతో అది చెవిటి కాకి అని అర్థం చెప్పేవాళ్ళు తయారయ్యారు. మాట పాతబడి దాని మూలం మరుగున పడగానే, వినేవాళ్ళు తమకు తెలిసిన మరో మాటను అందులోకి ఎక్కిస్తారు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి, ముందు పనికొస్తుంది. బట్టమేక పిట్టకైతే పక్షుల జాబితా కూడా చాలక మేకను తెచ్చారు. మేకకు ఈకలెక్కడివని ఎవరూ అడగలేదు.

కలివికోడి నడక కోడిదే అయినా అడుగు కోడిది కాదు. కోడి కాలికి ముందు మూడు వేళ్ళు, వెనక ఒకటి. కలివికోడికి వెనక వేలు లేదు, మూడే వేళ్ళు. కొమ్మ పట్టుకొని కూర్చునే అలవాటు లేని, నేలమీద పరుగెత్తే పక్షికి ఆ వేలితో పని లేదు. లంకమలలో పరిశోధకులు పొదల మధ్య నేలను పట్టీలుగా చదును చేసి, మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే వెళ్ళి రాత్రి ఏమేం నడిచిందో చూసేవారు. ఆ మట్టిలో మూడు వేళ్ళ ముద్ర కోసమే వెతుకులాట. ‘కోడి’ని పట్టుకోవడానికి కోడి అడుగు కానిదాన్ని వెతకాల్సి వచ్చిందన్నమాట.

ఇంతకంటే తమాషా సంగతి మరొకటుంది. ఈ పక్షికి పుస్తకంలోకి ఎక్కిన మొదటి తెలుగు పేరు కలివికోడి కాదు.

థామస్ జెర్డన్ (1811–1872) మద్రాసు సైన్యంలో వైద్యుడు, నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఈ పక్షిని శాస్త్రానికి పరిచయం చేసింది ఆయనే. 1862–64 మధ్య అచ్చయిన భారతదేశ పక్షుల గ్రంథంలో ఆయన చాలా పక్షులకు స్థానిక పేర్లు కూడా ఇచ్చాడు. ఈ పక్షి దగ్గర తెలుగు పేరు అని రాసినది మూడు ముక్కల మాట. ఇంగ్లీషు అక్షరాల్లో మొదటి ముక్క ఎ, డి, ఎ, వి, ఎ. రెండోది డబ్ల్యూ, యు, టి, ఎ. మూడోది టి, ఐ, టి, టి, ఐ. పక్కనే అర్థం కూడా ఇచ్చాడు: అడవి, ఖాళీ, డబ్బు సంచి.

మొదటి ముక్క అడవి, దాని మీద తగవు లేదు. మూడోది తిత్తి. తోలుతో కుట్టిన సంచి, కొలిమి తిత్తి అన్నప్పుడు ఇప్పటికీ బతికే ఉన్న మాట. నడిమి ముక్కే తిప్పలు పెడుతుంది. డబ్ల్యూ, యు, టి, ఎ అని ఉన్నదాన్ని ఊట అని చదవొచ్చు, ఊత అని చదవొచ్చు, ఉట్ట, ఉత్త అనీ చదవొచ్చు. పొట్టి పొడుగుల తేడా, ట-తల తేడా, ఒత్తు ఉందా లేదా అన్నదీ ఆ రాతలో ఏదీ నిలవలేదు. ఊటతిత్తి అంటే నీళ్ళు ఊరే సంచి అని అందమైన అర్థం అల్లడానికి కూడా వీలుంది. ఆ దారిన పోకుండా ఆపేది జెర్డన్ ఇచ్చిన అర్థమే. ఖాళీ అన్నాడు కాబట్టి అది ఉత్త. ఉత్తచేతులు, ఉత్తమాటలు అంటామే, ఆ ఉత్త. మొదట్లో డబ్ల్యూ ఎందుకొచ్చిందంటే మన నోటి వల్లే. ఊరును వూరు, ఉంది అనడానికి వుంది అనడం పలుకుబడిలో మామూలే. ఆయన చెవిన పడింది వుత్త, రాసుకున్నదీ అదే. ఒత్తు ఒకటి పోయినా, ఆ డబ్ల్యూ వల్ల నూట అరవై ఏళ్ళ నాటి ఒక గొంతు ఇప్పటికీ వినిపిస్తుంది.

కాబట్టి పేరు ‘అడవి ఉత్తతిత్తి’. అడవిలోని ఖాళీ సంచి. పక్షికి ఖాళీ సంచికి సంబంధమేమిటని బుర్ర బద్దలు కొట్టుకునే ముందు, చెముడుకాకి సంగతి గుర్తుచేసుకోవాలి. పక్షి కూతలో మనుషులు మాటలు వింటారు. కాకి అరిస్తే చుట్టాలొస్తారని అర్థం తీస్తాం. తీతువు పేరే దాని కూత, సంస్కృతంలో టిట్టిభం అన్నా అదే చప్పుడు. ఇరవై ఒకటో శతాబ్దం మొదట్లో కలివికోడి కూతను రికార్డు చేసి వర్ణించినవాళ్ళు దాన్ని ‘ట్విక్-టూ, ట్విక్-టూ’ అని రాశారు. రెండు దెబ్బల కూత, గబగబా మళ్ళీ మళ్ళీ. ఉత్త-తిత్తి అని నాలుగైదుసార్లు వేగంగా అని చూస్తే, తాళం కుదిరినట్టే ఉంటుంది. ముందు పుట్టింది చప్పుడు, ఆ చప్పుడుకు తెలుగు మాటలు తొడిగాక వచ్చింది ఖాళీ సంచి అన్న అర్థం. దీనికి రుజువు కాగితం చూపలేం, కానీ పక్షుల పేర్లు పుట్టే తీరు తెలిసినవాళ్ళకు ఇది తప్ప మరో దారి పొసగదు.

ఆ పేరులోని ‘అడవి’ కూడా ఊరికే లేదు. అడవిపంది ఉందంటే ఊరపంది ఉన్నట్టు, అడవికోడి ఉందంటే ఇంటికోడి ఉన్నట్టు. అడవి ఉత్తతిత్తి అన్నారంటే అడవిలో లేని ఉత్తతిత్తి మరొకటి వాళ్ళకు బాగా తెలిసుండాలి. బీళ్ళలో తిరిగే తీతువుల్లో ఏదో ఒకటి అయివుండటానికే ఎక్కువ అవకాశం. వాటి కూతా రెండు మూడు దెబ్బలదే. ఒకే గొంతు, ఒకటి మైదానంలో, ఒకటి కంపలో. వినికిడితో పెట్టిన పేరు ఇంత లోతుగా పనిచేస్తుంది.

శాస్త్రం పెట్టిన పేర్లకు ఈ రుచి తక్కువ. కలకత్తాలో మ్యూజియం చూసుకునే ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దీన్ని వర్ణించాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న రైనోప్టిలస్ బైటార్క్వాటస్‌లో మొదటి మాట గ్రీకు, ముక్కూ ఈకా కలిపి కుట్టినది. రెండో మాట లాటిన్. టార్క్ అంటే మెడకు వేసుకునే బిగుతైన లోహపు నగ, మన కంటె. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, మధ్యలో తెలుపు, కాబట్టి ‘రెండు కంటెలది’. తెలుగులోకి ఇంత సులువుగా దిగే లాటిన్ పేరు అరుదు. ఇంగ్లీషులో కూడా ఒకప్పుడు ఈ రెండు పట్టీల పేరే నడిచింది. అయితే ఆఫ్రికాలోని మరో జాతికీ అదే పేరు ఉండటంతో ఇబ్బంది. జెర్డన్స్ కోర్సర్ అన్నదానికి ఆ గందరగోళం లేదు. కోర్సర్ అంటే పరుగెత్తేది. కంప్యూటర్ తెరమీద పరుగెత్తే కర్సరూ అదే లాటిన్ కుదురు. తెలుగు పేపర్లు దీన్ని జెర్డాన్ కోర్సర్, జెర్డన్స్ కర్సర్ అని నానారకాలుగా రాస్తుంటాయి. ఇంట్లో అంత చక్కని పేరు ఉండగా ఈ పాట్లెందుకో తెలియదు.

1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంప్‌బెల్ చూశాక ఈ పక్షి పుస్తకాల్లోంచి మాయమైంది. పేరున్న పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ అంతటివాడు వెతికినా దొరకలేదు. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో ఒక పశువైద్యుడు సేకరించిన గుడ్డు స్కాట్లండ్‌లోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో పడి ఉంది. అది ఈ పక్షిదేనని డీఎన్‌ఏ పరీక్షతో 2013లో గాని లోకానికి తెలియలేదు. 1986కు ముందు మాత్రం ఆ పక్షి అంతరించిందనే చాలామంది నిర్ణయించుకున్నారు.

బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లా పల్లెల్లో తిరిగింది ఆ రోజుల్లోనే. కంపల్లో తిరిగేవాళ్ళకు ఆ పక్షి తెలుసు. పేరు కూడా ఉంది, కలివికోడి. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని ప్రాణాలతో పట్టి తెచ్చాడు. శాస్త్రానికి 86 ఏళ్ళు కనబడని పక్షి, ఆ ఊళ్ళలో పిలుపు పేరుతో సహా మామూలుగా బతుకుతూ ఉంది. చూడనిదానికి ఎవరూ పేరు పెట్టి పిలవరు, చూడటం మానేసిన దాని పేరు రెండు తరాలు నిలవదు. అంటే పేరు ఉండటమే అప్పటికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం. దాన్ని సాక్ష్యంగా తీసుకోవడానికి ఎవరో ఒకరు వచ్చి తెలుగులో అడగాల్సి వచ్చింది.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1988లో దాని పేరిట తపాలా బిళ్ళ, దాని కోసం లంకమల్లేశ్వర అభయారణ్యం, అది మసలే చోటు దెబ్బతినకుండా తెలుగుగంగ కాలువ దారి మళ్ళింపు. ఈ హడావుడిలో కలివికోడి అన్న పేరు కడప ఎల్లలు దాటి రాష్ట్రమంతా పాకింది. అడవి ఉత్తతిత్తి మాత్రం పుస్తకంలోనే ఉండిపోయింది.

2009 తర్వాత మళ్ళీ గట్టి ఆధారం దొరకలేదు. ఈ పక్షి కూత వినాలంటే దొరికే సమయం కూడా చాలా తక్కువ. పొద్దు గూకాక ముప్పావుగంటకు, పడమటి వెలుగు పూర్తిగా ఆరిపోయే వేళకు మొదలవుతుంది, కొద్ది నిమిషాల్లో ఆగిపోతుంది. అప్పటికి పొదలు నల్లటి ముద్దల్లా ఉంటాయి, ఏది కలివో ఏది రేగో తెలియదు, చెవి ఒక్కటే పనిచేస్తుంది. 2025 ఆగస్టులో కొందరు పక్షి ప్రేమికులు దాని కూతను రికార్డు చేయగలిగారు. పదిహేనేళ్ళు దాటాక దొరికిన ఆ ఆధారం రెండు దెబ్బల చప్పుడు, జెర్డన్ రాసుకున్న పేరు ఎక్కణ్ణుంచి పుట్టిందనుకున్నామో అదే.